పిస్తోలులోని ఉక్కు నాలిక

అరవైల మొదట్లో నేను నాంపల్లిలో ఒక బొమ్మల కార్ఖానాలో పని చేశాను. కార్ఖానా అంటే స్టేషన్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు. పది పన్నెండు మంది పనివాళ్లు, రేకు కోసే చేతి ప్రెస్సులు రెండు, రంగులు వేసే గది ఒకటి. రేకు కార్లు, గిలక్కాయలు, దీపావళి పిస్తోళ్లు అక్కడ తయారయ్యేవి. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తి చేసి కొత్తగా చేరాను. నక్షా గీయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అందరూ నన్ను సారు అనేవారు. ఇరవై రెండేళ్ల వయసులో ఆ పిలుపు చెవికి ఎంతో ఇంపుగా ఉండేది.

యజమానిది పాత హైదరాబాదీ వ్యాపార కుటుంబం. ఉస్మాన్‌గంజ్‌లో వాళ్లకు టోకు దుకాణం ఉండేది. ఒకనాడు ఆయన అబిడ్స్‌లో బొమ్మలమ్మే దుకాణానికి వెళ్లి వచ్చి, నా బల్ల మీద ఒక దీపావళి పిస్తోలు పెట్టాడు.

"గిది పండుగ నెలలనే అమ్ముడుపోతది. వానలు పడ్డయంటే రీలు మెత్తబడి పేలదు. మందు లేకుంట సప్పుడు చేసే పిస్తోలు కావాలె మనకు. ఏడాది పొడుగూత అమ్ముకోవచ్చు. చేస్తవా?"

చేస్తానన్నాను. ఆలోచన కూడా సులువుగానే తట్టింది. ట్రిగ్గర్ నొక్కితే లోపల ఒక పళ్ల చక్రం తిరగాలి. ఆ పళ్లకు ఆనుకుని సన్నటి ఉక్కు పట్టీ ఉండాలి. చక్రం తిరుగుతుంటే ఆ పట్టీ ఒక్కో పన్నును దాటి ఎగిరి పడి టక్కుమనాలి. దాన్ని మేము నాలిక అనేవాళ్లం. అబిడ్స్‌లో గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర విరిగిపోయిన స్ప్రింగులు తెచ్చి, కత్తిరించి, రకరకాల నాలికలు చేశాను.

కాగితం మీద అంతా కుదిరింది. చేతిలోకి వచ్చేసరికి, గోడలో పురుగు గీకినట్టు ఉంది చప్పుడు. పళ్లు పెంచాను, తగ్గించాను. నాలిక మందం పెంచితే చప్పుడు కాస్త పెరిగింది గానీ ట్రిగ్గర్ నా వేలికే లొంగలేదు. ఇంక పిల్లలేం నొక్కుతారు? రెండు వారాలు ఇలాగే గడిచాయి. యజమాని రోజూ సాయంత్రం వచ్చి, పిస్తోలు చెవి దగ్గర పెట్టుకుని రెండు సార్లు నొక్కి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఏమన్నా అంటే నయమనిపించేది.

బిగింపు బల్ల దగ్గర నలుగురు ఆడవాళ్లు కూర్చునేవారు. పిస్తోలు రెండు సగాలనూ కలిపి, అంచుల్లో ఉన్న చిన్న చిన్న రేకు చెవులను వంచి బిగించడం వాళ్ల పని. అందులో ఒకామె పాలమూరు వైపు నుంచి వచ్చింది. కరువుకు ఊరు విడిచి వచ్చారు. భర్త స్టేషన్‌లో మూటలు మోసేవాడు. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. మా అమ్మ వయసు. అయినా నేను ఆమెను నువ్వు అనే అనేవాణ్ణి. షెడ్డులో అది వింతగా ఎవరికీ తోచేది కాదు.

ఒక మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పుకుని కూర్చున్నారు. యజమాని లేడు. నేను ఇంకా పిస్తోలుతో కుస్తీ పడుతున్నాను. ఆమె చేయి కడుక్కుని వస్తూ నా బల్ల దగ్గర ఆగింది.

"సారూ, ఒక మాట చెప్పాల్నా?"

"ఏంది?"

"నాలికను గా మందపు పట్టాకు బిగించిన్రు గదా. గది గుంజ లెక్క. గుంజను కొడ్తె ఏం మోగుతది? మా అయ్య జొన్నచేన్ల పిట్టలు కొట్టెతందుకు నూనె డబ్బ ఏలాడగట్టెటోడు. గాలికి కట్టె ఊగి డబ్బకు తాకితె ఊరంత ఇనబడేది. నాలికను పక్కరేకుకు బిగించి సూడుండ్రి. రేకే మోగుతది."

అంతా విన్నాను. వింటున్నప్పుడే ఆమె చెప్పింది నిజమని తెలిసింది. ట్రిగ్గర్‌నూ చక్రాన్నీ పట్టి ఉంచే మందపు పట్టాకే నాలికను బిగించాలని నాకెందుకు తోచిందో, అక్కడి నుంచి చూపు ఎందుకు మరలలేదో చెప్పలేను. పుస్తకంలో బొమ్మ అలా ఉంది, అంతే. కానీ షెడ్డులో అందరూ మా వైపే చూస్తున్నారు.

"గిది జొన్నచేను కాదు. నీ పని నువ్వు జూస్కో," అన్నాను.

ఒకరిద్దరు నవ్వారు. ఆమె కూడా నవ్వుతున్నట్టే ముఖం పెట్టి, వెళ్లి తన చోట కూర్చుంది.

మరునాడు పొద్దున అందరికంటే ముందు వచ్చాను. నాలికను ఊడదీసి, పిస్తోలు గొట్టానికి పక్కనుండే పలచటి రేకుకు బిగించాను. రెండు సగాలూ కలిపి ట్రిగ్గర్ నొక్కాను. షెడ్డంతా టకటకటకమని మోగింది. సందులో పాలడబ్బాలతో పోతున్న మనిషి సైకిలు ఆపి లోపలికి తొంగి చూశాడు. నాకు సంతోషం ఆగలేదు. దానితో పాటే భయమూ వేసింది. ఆమె రాగానే పిలిచి చెబుదామనుకున్నాను. ఆ అనుకున్నది నిజం. కానీ ఆమె కంటే ముందు యజమాని వచ్చాడు.

ఆయన పది సార్లు నొక్కి ఉంటాడు. చిన్నపిల్లాడిలా గుమ్మంలోకి వెళ్లి సందు వైపు గురిపెట్టి కూడా నొక్కాడు. పనివాళ్లందరూ చేరాక నా భుజం మీద చెయ్యేసి, "జూసిన్రా, సదువుకున్నోని బుర్ర గిట్లుంటది," అన్నాడు. నేను నేల చూశాను. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఎలా మొదలు పెట్టాలో వెతుకుతుండగానే ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆమె తన చోటు నుంచే, "మంచిగ మోగుతున్నది సారూ," అంది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. పిస్తోలు మోగినందుకు నిజంగానే సంతోషపడింది. అది నాకు ఎత్తిపొడుపు కంటే కష్టమనిపించింది.

నాలికలు బిగించే పని ఆమెకే అప్పగించాను. ఆ నలుగురిలో ఆమె చేయి నిలకడైనది. అలా అప్పగించి ఏదో మేలు చేశానని కూడా అనుకున్నాను.

రెండు నెలలు పిస్తోళ్లు బాగా పోయాయి. ఆ తర్వాత అబిడ్స్ దుకాణం నుంచి ఒక గంపెడు తిరిగి వచ్చాయి. అన్నిటిలోనూ నాలిక విరిగి ఉంది, అన్నీ ఒకే చోట. విప్పి చూసిన పావుగంటలో సంగతి తెలిసింది. నాలిక ఎక్కడ వంగుతుందో సరిగ్గా అక్కడే బోల్టు బెజ్జం వేయించాను. నక్షా నాది, తప్పు నాది. బెజ్జాన్ని అర అంగుళం వెనక్కి జరిపితే చాలు.

యజమాని వచ్చి గంపను కాలితో తోశాడు. "ఏంది గిది? నక్షాల తప్పున్నదా?"

"నక్షా మంచిగనే ఉన్నది. బిగింపు వదులుగుంటున్నది. వదులుంటె నాలిక అదిరి ఇరుగుతది," అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు. నోటికి అలా వచ్చేసింది.

"ఎవరు బిగిస్తున్నరు?"

నేను బల్ల వైపు చూశాను. పేరు చెప్పలేదు. చూశానంతే. ఆయనకు అది చాలు.

ఆయన అక్కడికి వెళ్లి, "సారు చెప్తున్నడు, నీ చేతి పని వదులైందంట. రేపటి సంది రాకు," అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. యజమానిని వదిలి నా వైపు తిరిగింది.

"ఔనా సారూ?"

షెడ్డులో ప్రెస్సులు ఆగిపోయాయి. కాదనడానికి అప్పటికీ అవకాశం ఉంది.

"ఔ," అన్నాను.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, సద్ది గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. మరునాడు నేను బెజ్జాన్ని వెనక్కి జరిపిన కొత్త నక్షా ఇచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత నాలికలు విరగలేదు. ఆమె వెళ్లిపోయాకే పని బాగుపడిందని యజమాని ఊరంతా చెప్పాడు. చుట్టుపక్కల షెడ్లకు కూడా ఆ మాట పాకింది.

పిస్తోలు ఏళ్ల తరబడి అమ్ముడుపోయింది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కుంటుంటే ఎక్కడో ఆ టకటక వినిపించేది. చేతిలో పుస్తకం పెట్టేసి అవతలి వైపు వెళ్లిపోయేవాణ్ణి. నా పెళ్లిచూపుల్లో మా నాన్న సంచిలోంచి ఆ పిస్తోలు తీసి, ఇది మావాడు కనిపెట్టిందే అని పిల్ల తండ్రి ముందు మోగించి చూపించాడు. నేను తలెత్తలేదు. కుర్రాడు వినయవంతుడని వాళ్లు మెచ్చుకున్నారట. ఆ సంగతి నా భార్య ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆమెకు కూడా నేను చాలా కాలం అసలు విషయం చెప్పలేదు.

డెబ్బైలు వచ్చాయి. అప్పటికి ఆ కార్ఖానా వదిలి వేరే చోట ఉద్యోగం చేస్తున్నాను. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక ఒక భవనం కడుతున్నారు. ఒకరోజు బస్సు దిగి నడుస్తుంటే, ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని వాలుగా వేసిన చెక్క పలక మీద ఎక్కుతున్న ఆడమనిషి కనిపించింది. జుట్టు నెరిసింది. ఒక భుజం కిందికి వంగిపోయింది. అయినా చూడగానే గుర్తుపట్టాను. రోడ్డు దాటి అవతలి వైపు నుంచి వెళ్లిపోయాను. మరునాడు కూడా అంతే చేశాను. మూడో రోజు మధ్యాహ్నం కూలీలు తిండికి కూర్చున్నప్పుడు లోపలికి వెళ్లాను.

ఆమె నన్ను వెంటనే పోల్చుకుంది. "సారూ, మంచిగున్నరా?" అని అడిగింది.

నిలబడే మొత్తం చెప్పేశాను. చప్పుడు ఆలోచన ఆమెదని, నాదని చెప్పుకున్నానని, బెజ్జం తప్పు నాదని తెలిసి కూడా ఆమె మీద వేశానని. మొదటిసారి ఆమెను మీరు అన్నాను. ఆమె నోట్లో ముద్ద నమలడం ఆపి విన్నది. తర్వాత నీళ్లు తాగింది.

"బెజ్జం సంగతి నాకు ఎరుకలేదు. నా చెయ్యి పాడైందనే అనుకున్న. ఇంకో రెండు షెడ్లకు పోయిన. 'నీ బిగింపు వదులట గదా' అన్నరు. నాకే అనుమానమొచ్చె. గప్పటి సంది గీ తట్టలే మోస్తున్న."

ఆమె ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. ఆమెకు తన చేతి మీద తనకే అనుమానం వచ్చిందన్న సంగతి అంతవరకూ నా ఊహకు కూడా అందలేదు.

"నేనేం చెయ్యమంటరు?" అని అడిగాను.

"నాకు చెప్పిన్రు, సరే. గాడ చెప్పుండ్రి. ఎవరి ముందర అన్నరో వాళ్లకు."

ఆదివారం కాకుండా, షెడ్డులో పని ఉండే రోజు చూసుకుని నాంపల్లి వెళ్లాను. షెడ్డులో ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలు చేస్తున్నారు. యజమాని ముసలివాడయ్యాడు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. నేను చెప్పిందంతా విని, "ఎప్పటిదో గది. ఇప్పుడెందుకయ్యా దిల్‌కు తీసుకుంటవు? జర చాయ్ తాగు," అన్నాడు.

పాతవాళ్లు ముగ్గురు మిగిలారు. వాళ్ల దగ్గరికి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. బిగింపు బల్ల దగ్గర ఆమె పక్కనే కూర్చునే మనిషి తలెత్తకుండానే, "మాకు అప్పుడే ఎరుక సారూ. జొన్నచేను ముచ్చట ఆమె చెప్పంగ మేమందరం ఇన్నం గదా," అంది. ప్రెస్సు దగ్గరి మనిషి, "జరిపిన బెజ్జం ప్రెస్సు మీద నేనే కొట్టిన గద సారూ. నాకు ఎరుకైంది," అన్నాడు. ఇన్నేళ్లూ నేను దాచానని అనుకున్నది ఒక్క యజమానికి తప్ప అందరికీ తెలుసు. వాళ్లంతా నాకు రోజూ నమస్తే పెట్టారు, సారూ అని పిలిచారు.

మరునాడు అబిడ్స్ వెళ్లి ఆమెకు చెప్పాను. మంచి కబురే తీసుకుపోతున్నాననుకున్నాను. మీ చెయ్యి పాడైందని అక్కడెవరూ నమ్మలేదట, అందరికీ అప్పుడే తెలుసట అన్నాను.

ఆమె చుట్టబట్ట చేతిలోకి తీసుకుంది.

"అందరికీ ఎరుకేనా? నా పక్కన కూసున్నామెకు గూడ?"

"ఔ."

"ఎరుకుండి ఒక్కరన్న అనలేదా?"

వాళ్ల నోళ్లు మూయించింది నా సారు హోదానే అని చెప్పాలి నిజానికి. అది నోట రాలేదు. మేస్త్రీ పిలిచాడు. ఆమె చుట్టబట్ట నెత్తిన సర్దుకుని ఇసుక కుప్ప దగ్గరికి నడిచింది. తట్ట ఎత్తించడానికి పక్కన ఎవరూ లేకపోతే నేను వంగి రెండు చేతులా పట్టుకున్నాను.

"వద్దు సారూ, బట్టలు ఖరాబైతయి," అంది ఆమె. అంతలో ఇంకొకామె వచ్చి తట్ట ఎత్తించింది.