బాబాయి అడిగిన ప్రాసెసర్

శుక్రవారం పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుండగా పిన్ని ఫోన్ చేసింది. "టీ ఇద్దామని లేపితే లెగలేదమ్మా. మీ బాబాయి పోనారు" అంది. షట్టర్ సగంలో వదిలేసి తెలిపారా బజారు నుంచి స్కూటీ మీద పిన్ని వాళ్ళుండే తార్‌బహార్ చేరేసరికి, వాళ్ళ వాకిట్లో అప్పుడే కుర్చీలు వేస్తున్నారు.

బాబాయి అంటే రక్త సంబంధం ఏమీ లేదు. మా నాన్నా, ఆయనా ఒకే రోజు విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో రైల్వేలో చేరారు. పక్కపక్క క్వార్టర్లు. నాన్న తొందరగా పోయాక నా స్కూలు కాగితాల మీద సంతకం పెట్టింది ఆయనే. చదువయ్యాక కంప్యూటర్లు బిగించే షాపు పెడతానంటే, ఆడపిల్లకి స్క్రూడ్రైవర్ ఎందుకని అందరూ నవ్వారు. "దానికి చేతనయినాది, అది చేసుకుంటాది. మీకేటి నొప్పి?" అన్నది బాబాయి ఒక్కరే.

ఆయన గూడ్సు బండి డ్రైవరు. యాభై దాటాక రైల్వే మెడికల్ పరీక్షలో కళ్ళు తప్పాయని ఇంజను మీంచి దింపేసి, ఆఫీసులో కాగితాల ముందు కూర్చోబెట్టారు. డ్రైవరు రిటైరయ్యేటప్పుడు ఆఖరి ట్రిప్పు అని ఒకటి ఉంటుంది. ఇంజనుకు దండలు వేస్తారు, ప్లాట్‌ఫారం మీద డోలు వాయిస్తారు, ఇంటివాళ్ళు మిఠాయిలు పంచుతారు. తోటివాళ్ళ ఆఖరి ట్రిప్పులన్నిటికీ బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళేవారు. ఆయనకు మాత్రం అది జరగలేదు. దాని గురించి ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

గూడ్సు బండి వెళుతుంటే చెప్పే మాట ఆపేసి, ఆఖరి డబ్బా దాటేదాకా నిలబడేవారు. బజారులో టమాటాలు పిన్నే ఏరాలి. నా స్కూటీ వెనక కూర్చుంటే, రోడ్డు సిగ్నల్ దగ్గర "వెళ్దామేటి?" అని నన్ను అడిగేవారు. పెద్దాయన కదా, భయం అనుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం షాపుకి వచ్చారు.

"అమ్మా, నాకో కంప్యూటర్ కట్టాల. రైలు నడిపే గేమ్ ఉన్నాది, అది ఆడతాను."

"ఈ వయసులో గేములేటి బాబాయ్?"

"అచ్ఛా, నవ్వుకో. కానీ గేముతో పాటు ఇంకో రెండు పనులు ఒకేపాలి నడవాల. ప్రాసెసర్ మంచిది చూడు. ముందు లోడెంతో చూసుకోవాలమ్మా, తర్వాతే ఇంజను తగిలించాల."

ఇలాంటి కంప్యూటర్ కోసం కాలేజీ కుర్రాళ్ళు వస్తే నేను సవాలక్ష ప్రశ్నలు వేస్తాను. ఏ గేము? ఆడుతూ పక్కన ఇంకేం తెరిచి ఉంచుతావు? గేము ఒక్కటే అయితే ప్రాసెసర్ లోపల పనిచేసే కోర్లు కొన్ని తక్కువైనా ఫర్వాలేదు, ఒక్కొక్కటీ వేగంగా ఉండాలి. పక్కన వీడియో కాల్ కూడా నడవాలంటే పని పంచుకోవడానికి కోర్లు ఎక్కువ కావాలి. రోజూ చెప్పే పాఠమే ఇది. బాబాయిని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. పెన్షన్ కాగితాలు, భక్తి పాటలు, మహా అయితే కాసేపు ఆట అని ఆయన అవసరాలు నేనే తేల్చేశాను. రెండు కోర్ల ప్రాసెసర్ బిగించి, "నీకిది చాలు" అన్నాను. "నువ్వు చెప్తే సరే" అన్నారు.

నెల తిరక్కుండానే, "బండి మధ్యలో బిగిసిపోతన్నాదమ్మా" అన్నారు.

"గేము ఒక్కటే తెరువు బాబాయ్, మిగతావి మూసెయ్."

"అవి మూసీస్తే ఎలగ?" అని ఊరుకున్నారు.

ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు కూడా మార్చాలి. ఆదివారం వచ్చి మారుస్తానన్నాను. ఎన్ని ఆదివారాలు అన్నానో లెక్కలేదు. ఊరి బయట బోద్రీ దాకా పోయి కోర్టు వకీళ్ళ కంప్యూటర్లు బాగుచేసి వచ్చాను గానీ, ఆయనింటికి స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళలేదు. గట్టిగా అడిగితే వెళ్ళేదాన్నేమో. ఆయన గట్టిగా అడిగే మనిషి కాదని నాకు తెలుసు.

పదకొండో రోజున బొబ్బిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నారు. ఇంజనులో బాబాయికి చాలాకాలం అసిస్టెంటుగా చేశారట. "కంప్యూటర్ కట్టిన గుంటవి నువ్వేనా?" అని మొదలుపెట్టారు.

కళ్ళు తప్పడమంటే బాబాయికి చూపు తగ్గడం కాదట. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియడం మానేసిందట. ఆటలో కూడా అంతే. అందుకని వీడియో కాల్ కలిపి, తన స్క్రీన్ బొబ్బిలికి కనబడేలా పెట్టుకునేవారు. ఈయన అక్కణ్ణుంచి సిగ్నల్ రంగు చెబితే, బాబాయి అదే మాట తిరిగి చెప్పి బండి నడిపేవారు. ఇంజనులో పద్ధతి కూడా అదేనట, ఒకరు చెప్పాలి, రెండోవారు తిరిగి చెప్పాలి.

"బిలాస్‌పూర్ నుంచి రాయ్‌గఢ్ దాకా ఒక్కపాలి తప్పు లేకుండా తోలీసి, అదే నా ఆఖరి ట్రిప్పు అనుకుంటాన్రా అనీవోడమ్మా. సగం దారిలో బొమ్మ బిగిసిపోయీది. నాను రెడ్ అని అరిచిన మాట ఆలస్యంగా అందీది. అప్పటికే బండి రెడ్ దాటీసీది. ఆట అక్కడతో సరి."

ఉద్యోగమంతా చేసి ఒక్కసారి కూడా రెడ్ దాటని మనిషి. "అలగైన రోజున అన్నం తినీవారు కాదు. ఏటైందంటే చెప్పీవారు కాదు" అంది పిన్ని.

నాకు తల ఎత్తాలనిపించలేదు. గేము, దాంతో పాటు ఇంకో రెండు పనులు అని తేటగానే చెప్పారు. అంత తేటగా చెప్పే గిరాకీలు నా షాపుకి రారు. ముసలాయన అని వినలేదు. నన్ను చూసి నవ్విన వాళ్ళకీ నాకూ తేడా ఏముంది?

ఆ ఆదివారం కొత్త బోర్డు, ఎనిమిది కోర్ల ప్రాసెసర్ పట్టుకెళ్ళాను. ఇప్పుడెందుకని పిన్ని అడగలేదు. గంటన్నరలో అయిపోయింది, అంత చిన్న పని. ఏ కంప్యూటర్ బిగించినా పరీక్షించకుండా లేవడం నాకు అలవాటు లేదు. గేము తెరిచి, బొబ్బిలి తిరిగి వెళ్ళిన పెద్దాయనకి వీడియో కాల్ కలిపి, స్క్రీన్ ఆయనకి కనబడేలా పెట్టాను. దేనికీ ఏదీ అడ్డం రాలేదు. ప్లాట్‌ఫారం చివర సిగ్నల్ కనబడింది.

"గ్రీన్" అన్నారు పెద్దాయన. పక్క గదిలోంచి పిలిచినట్టు వెంటనే వినబడింది.

తిరిగి చెప్పే మాట కోసం ఆగి ఆయన మళ్ళీ "గ్రీన్" అన్నారు. నా వెనక నుంచి పిన్ని మెల్లగా "గ్రీన్" అంది.

బాబాయి కుర్చీలో కూర్చుని కీబోర్డు వంక చూస్తున్నాను. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన పక్కన కూర్చుని ఆ ఆట చూడలేదు. ఏ మీట నొక్కితే బండి కదులుతుందో నాకు తెలియదు.