పనసకాయ తొడిమకు జీడినూనె

మాది కవిటి దగ్గర పల్లె. నిరుడు వేసవిలో మా పెరట్లో పనసకాయలు ఒక్కొక్కటే మాయమవుతుంటే, పక్కింటి అప్పన్న బావ మీద నాకు అనుమానం వచ్చింది. జీడిపిక్కల తొక్కలోని నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. నా చేతులకు కొబ్బరినూనె దట్టంగా రాసుకుని, ఆ జీడినూనెను కాయల తొడిమలకు పూశాను. ఇక దొంగ దొరికినట్టేనని మీసం తిప్పాను.

మర్నాడు ఇంకో కాయ పోయింది. టీకొట్టులో బావను పట్టుకుని, జాతకం చెబుతానంటూ అరచేతులు తిరగేసి చూశాను. ఒక్క బొబ్బ లేదు!

"నా సెయ్యి తరవాత సూద్దువుగానీ బావా, నీ మూతికేటయింది?" అన్నాడు. తడుముకుంటే మీసం కింద బొబ్బలు! కొట్టంతా ఒకటే నవ్వు.

"అన్నట్టు, సెల్లెమ్మ పనసకాయలు పంపుతోంది. నువ్వే ఇమ్మన్నావట గదా, సల్లగుండు బావా!"

ఇంటికి పరుగెత్తాను. మా ఆవిడ రెండు చేతులూ బొబ్బలెక్కి, పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"సెట్టుకేదో పురుగు పట్టినట్టుంది. మీరు ముట్టుకోకండి," అంది.

టీకొట్టులో నవ్వుల్ని ఎప్పుడో దులిపేసుకున్నాను. ఆవిడకు మాత్రం నిజం చెప్పే ధైర్యం ఇంతవరకూ రాలేదు.