రౌండుకు నేను రాసిన తెలుగు

మా అన్నయ్య సైన్యంలో హవల్దారుగా చేసి మాచర్లలో స్థిరపడ్డాడు. నేను నరసరావుపేటలో ఉన్నత పాఠశాల పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఇద్దరికీ పదకొండేళ్ల తేడా. కలిసి పెరగలేదని చెప్పుకోవచ్చు. పోయినేడు ఎండలు ముదిరే ముందు ఆయన ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు రాసేవాడివి గదా, నేను చెప్తా, రాసిపెడతావా?" అన్నాడు. ఏం రాయాలన్నయ్యా అంటే, "రైఫిల్లో వేసే రౌండు గురించి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకు వినపడే ఉంటుంది.

ఆదివారాలు పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి వెళ్లేవాణ్ణి. ముందు గదిలో ఫ్యాను కింద కూర్చునేవాళ్లం. ఆయన చెప్పేవాడు, నేను పెద్ద నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. వదిన వంటింట్లో పని చేసుకుంటూ వినేది.

రౌండు అంటే ఏమిటో చెప్పడానికే మొదటి ఆదివారమంతా పట్టింది. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు. ఈ నాలుగూ కలిస్తే రౌండు. ఎగిరిపోయేది గుండు ఒక్కటే. ఖాళీ గొట్టం కాల్చినవాడి పక్కనే పడుతుంది. "పేపరోళ్లకి ఇది కూడా తెలవదు. అంతా కలిపి ఒకే మాట రాసి పారేస్తారు," అనేవాడు.

ఆయన చేరినప్పుడు పాత రైఫిల్లో వేసే రౌండు చూపుడువేలంత ఉండేదట. దెబ్బ గట్టిది, దూరం పోయేది, కానీ కాల్చినప్పుడల్లా భుజాన్ని వెనక్కి తన్నేది. బరువు కూడా ఎక్కువ. తరవాత చిటికెనవేలంత రౌండు వచ్చింది. బరువు దాదాపు సగం. పాతవి మోసే బరువులోనే కొత్తవి రెట్టింపు మోయొచ్చు. గుండు చిన్నదైనా వడి ఎక్కువ కాబట్టి దగ్గర దూరాల్లో దాదాపు గీత గీసినట్టు పోతుంది. భుజం అదరదు కాబట్టి కొత్తగా చేరినవాడు కూడా గురి తప్పడు. దీని వెనక ఇంకో లెక్క ఉందని బ్యారక్‌లో చెప్పుకునేవాళ్లట: శత్రువు చచ్చిపోతే ఒక్కడే పోతాడు, గాయపడితే వాణ్ణి మోయడానికి ఇంకో ఇద్దరు పోతారు. "ఆ లెక్క ఎవడేశాడో గానీ, గుండు తగిలినా కాళ్ల మీద నిలబడి ఎదురొచ్చేవాణ్ణి చూసి వెయ్యలేదు రా," అన్నాడు అన్నయ్య.

ఆ కొత్త రౌండును తమ యూనిట్‌కు ఇచ్చే ముందు కాల్చి చూసినవాళ్లలో తానూ ఒకణ్ణని మూడో ఆదివారం చెప్పాడు. చదునైన నేల, గాలి లేని పొద్దుట పూట, ఎదురుగా కాగితం బొమ్మలు. అన్నీ తగిలాయి. కాగితం ఇచ్చి అభిప్రాయం రాయమన్నారు. పాతదాని కన్నా చాలా బాగుందని రాసి సంతకం పెట్టాడు.

"సంతకం పెట్టినాక మమ్మల్ని పైకి పంపారు," అన్నాడు. పైకి అంటే కొండల మీదికి. అక్కడ లోయకు అవతలి గట్టు మీదికి కాల్చాలి. చిన్న గుండును గాలి పక్కకు తోసేది. దూరం పోయేకొద్దీ దాని బలం సన్నగిల్లేది. "నేను బాగుందన్న రౌండు పట్టుకునే నా పక్కవాడు కూడా పైకొచ్చాడు. వాడి సంగతి చివర్న రాద్దాం. అది చెప్పడానికే నిన్ను పిలిచింది." అంతవరకు చెప్పి ఆ రోజుకు ఆపేశాడు.

ఆ వారం నేను ఇంట్లో కూర్చుని రాసినదంతా శుభ్రంగా ఎత్తి రాశాను. ఎవరూ అడగలేదు. రౌండు, రౌండు అని పేజీ నిండా ఉంటే నాకు బాగనిపించలేదు. తెలుగులో తూటా అన్న మాట ఉండగా ఇదెందుకు అనుకున్నాను. ప్రతిచోటా కొట్టేసి తూటా అని రాశాను. పాత నోటుపుస్తకంలో ఎర్ర ఇంకుతో దిద్ది, దాన్ని చూసి కొత్త పుస్తకంలోకి ఎక్కించాను. తరవాతి ఆదివారం గర్వంగా చదివి వినిపించడం మొదలుపెట్టాను.

నాలుగైదు వాక్యాలు విన్నాడు. చెయ్యెత్తి ఆపమన్నాడు.

"నీ తెలుగు బాగుంది రా," అన్నాడు. "నాది కాదది."

లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. వదిన గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి, "ఏంది అబ్బాయ్, ఆ మాట ఎందుకన్నావ్ ఆయన ముందు?" అంది.

"ఏ మాట వదినా?"

"మీ నాయన పోయింది దేంతో? నీకు తెలవదా?"

తెలుసు. మా నాన్న నాపరాళ్ల క్వారీలో పని చేసేవాడు. రాతిలో తొలిచిన బెజ్జంలో పేలుడు మందు చుట్ట పెట్టి వత్తి అంటిస్తారు. మా వైపు క్వారీల్లో దాన్నే తూటా అంటారు. ఒకటి పేలలేదు. ఎందుకు పేలలేదో చూద్దామని దగ్గరికి వెళ్లాడు. నాకప్పుడు నాలుగేళ్లు. అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లిన అన్నయ్య అక్కడే ఉన్నాడు. నాన్నను గోనెపట్టా మీద ఇంటికి మోసుకొచ్చినవాళ్లలో ఆయనా ఒకడు. ఆ తరవాత మా అమ్మ ఆ మాట పలకలేదట, అన్నయ్యా పలకలేదట. సైన్యంలో రైఫిల్లో వేసేదానికి వేరే పేరు ఉండడం ఆయనకు ఎంత మేలు చేసిందో నేను ఊహించలేదు. నాకు ఆ మాట పుస్తకాల్లోంచి వచ్చింది. ఇంట్లో ఎవరూ అనకపోవడాన్ని నేను ఎప్పుడూ గమనించనే లేదు.

ఆ వారమే మళ్లీ రాశాను, తూటా తీసేసి ఆయన మాటే పెట్టి. తీసుకెళ్లి ఇచ్చాను. తిరగేశాడు. "సరేలే" అన్నాడు. చివరి సంగతి చెప్పమని అడిగాను.

"ఇప్పుడెందుకులే. మళ్లీ పెద్ద రౌండుకే పోతున్నారంట, టీవీలో చెప్పాడు. వాళ్లకే తెలిసొచ్చింది. మనం రాసేదేంది?" అన్నాడు.

రెండు ఆదివారాలు వెళ్లాను. ఎండల గురించి, రెంటచింతల బస్సు గురించి, మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడాడు. మూడో ఆదివారం నాకు పెళ్లి పిలుపు ఉంది, వెళ్లలేదు. ఆ బుధవారం పొద్దున అన్నయ్య గుండె ఆగిపోయింది.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. వదిన నా ఎదురుగా కూర్చుని, "చదువు అబ్బాయ్, ఆయన చెప్పింది," అంది. చదివాను. ఇత్తడి గొట్టం, మందు, భుజం తన్నడం, కాగితం బొమ్మలు, సంతకం, కొండ మీద గాలి. పక్కవాడు కూడా పైకొచ్చాడు అన్నదాకా వచ్చి ఆగాను.

"ఊఁ. తరవాత?"

"ఇంతే ఉంది వదినా."

ఆమె నా చేతిలో పుస్తకం తీసుకుని మిగిలిన ఖాళీ పేజీలు తిప్పి చూసింది.

"నిద్దట్లో ఎవర్నో పిలిచేవాడు. ముప్పై ఏళ్లు అడగలా నేను," అంది. "నీకు చెప్తున్నాడు గదా, నువ్వు చదివితే విందామనుకున్నా."