మల్లయ్య తాత చర్చి బయట ఆగిన శుక్రవారం

మా చిన్నప్పుడు... ఈస్టర్ ముందు వచ్చే శ్రమల దినాల్లో, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం దాకా మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఉపవాసం. తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను నాలుగో తరగతి. జడ్చర్ల దగ్గర మా ఊరు. బాపు ఆటో నడిపేవాడు, మా చిన్న చర్చికి సంఘపెద్ద కూడా. ఆయన ప్రార్థన మొదలుపెడితే అరగంట... ఆ గొంతు వింటుంటే నాకెంత గర్వమో.

మా ఇంటి వెనక మల్లయ్య తాత మేకలు కాసేవాడు. ఆయన భార్య లచ్చవ్వ నన్ను చూస్తే చాలు, గిన్నెలో పాలు పోసి తాగేదాకా వదిలేది కాదు.

అలాంటి ఒక శుక్రవారం చర్చిలో బాపు ప్రార్థన చేస్తున్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. తలుపు పక్కన చాప మీదున్న నేను మాత్రం కళ్లు తెరిచాను. వాకిట్లో మల్లయ్య తాత... చెప్పులు విడిచి, తలకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట.

"బిడ్డా, జర మీ బాపును..." అన్నాడు మెల్లగా.

నేను మూతి మీద వేలు పెట్టాను. ప్రార్థనలో మాట్లాడకూడదని నేర్పారు కదా... మళ్లీ కళ్లు మూసుకున్నాను.

ఆయన చేతులు జోడించి అక్కడే నిలబడ్డాడు.

ఆమెన్ అన్నాక బాపు బయటికొచ్చి, "ఏమైంది మల్లన్నా?" అని అడిగాడు.

"లచ్చవ్వ గుండెల నొస్తుందని పడిపోయింది తమ్మీ. దవాఖానకు తోల్కపోతవని వచ్చిన."

బాపు ఆటో ఎంత వేగంగా తోలినా... లచ్చవ్వ దారిలోనే పోయింది. కొంచెం ముందు తెస్తే బతికేదేమో అన్నారట దవాఖానలో.

సాయంత్రం బాపు వాళ్ల వాకిట్లో నేల మీద కూర్చుని, "లోపటికొచ్చి నన్ను గుంజుకపోతే ఏమాయెనే మల్లన్నా?" అన్నాడు.

"నువ్వు దేవుని పనిల ఉంటివి తమ్మీ. నడుమల ఎట్ల పిలువాలె?"

బాపు ఏడవడం నేను చూసింది ఆ రోజే.

తర్వాతి శుక్రవారం పాస్టరయ్య ప్రార్థన చేయమని పిలిస్తే, "మీరు జేయుండ్రి అయ్యగారూ. నేను బయట ఆటోల కూసుంట" అన్నాడు. అప్పటినుంచి నొప్పులన్నా, జ్వరమన్నా ఎవరి ఇంటికైనా ఆటో వెళ్లేది... ఏ దేవుణ్ని మొక్కుతారని అడగలేదు, కిరాయి తీసుకోలేదు. సంఘంలో కొందరు ఆయనకు భక్తి తగ్గిందన్నారు. పెద్దరికం ఇంకొకరికిచ్చారు.

కానీ మూతి మీద వేలు పెట్టింది నేనని ఆయనకు తెలియదు. మల్లయ్య తాత ఎవరికీ చెప్పలేదు... నేనూ చెప్పలేదు. తప్పంతా తనదేననుకుని బాపు బతికాడు. పోయినేడు ఆయన చివరి రోజుల్లో చేయి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు కూడా నాకు నోరు రాలేదు.

ఇప్పుడు మా చర్చికి టైల్స్ వేశారు. పెద్ద స్పీకర్లు, ఫోన్లలో లైవ్... శుక్రవారం ప్రార్థన ఊరంతా వినిపిస్తుంది. ఊళ్లో ఎవరైనా పిలిస్తే లోపలికి వినిపిస్తుందో లేదో...

మీకూ చిన్నప్పటి నుంచి చెప్పకుండా దాచిన మాట ఏదైనా ఉందా? నాకు రాయకపోయినా పర్లేదు... ఆ మనిషి ఇంకా ఉంటే, ఈ రోజే వెళ్లి చెప్పండి.