సోమవారం బస్సు

పర్ణశాలలో మా ఆవిడ టీ కొట్టు నడుపుతుంది. సైన్యం నుంచి పెన్షన్ మీద వచ్చాక నా ఉద్యోగం పాలు తేవడం, గ్లాసులు కడగడం, కొట్టు ముందు ఏ బండి ఆగినా ఉలిక్కిపడడం.

సైన్యంలో నేను గూఢచార విభాగంలో పనిచేశాను. సరిహద్దులో చనిపోయిన ఒక పశువుల కాపరిని మావాళ్లు చొరబాటుదారుగా చూపించారు. అది అబద్ధమని నాకు తెలుసు. ఇంటికొచ్చాక ఉండబట్టలేక ఆ మాట బయటపెట్టాను. ఇప్పుడు ఢిల్లీకి వెళ్లి కోర్టులో చెప్పాలి. మంగళవారం కొత్తగూడెంలో రైలెక్కుతున్నానని మా ఆలుమగలకు తప్ప మరో మనిషికి తెలియకూడదని వకీలు మరీ మరీ హెచ్చరించాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. చేతిలో ప్రసాదం కవరు, కాళ్లకు మాత్రం సైన్యంలోలా బిగించి కట్టిన బూట్లు. నేను వెనక గదిలో తలుపు సందులోంచి చూస్తున్నాను. టీ తాగుతూ ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత తాపీగా, "మీ ఆయన సోమవారం బస్సుకు పోతుండంట గదక్కా?" అన్నాడు.

ఆ పద్ధతి నాది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేనే నేర్పాను. ఏదీ నేరుగా అడగొద్దు, తప్పు చెప్పండి, ఎదుటివాళ్లే దిద్దుతారు అని. మా ఆవిడైతే మరీను. పాస్టరుగారు వాక్యం సంఖ్య తప్పు చదివితే ఆరాధన మధ్యలోనే సరిచేసిన మనిషి. బయటికెళ్లి ఆపుదామంటే నా ముఖమే అతనికి అంతా చెప్పేసేలా ఉంది. గోడ వెనకే ఆగిపోయాను.

"అవ్ అన్నా, సోమవారమే. బస్సుకే," అంది ఆమె. "షెక్కర సరిపోయిందా?"

అతను వెళ్లాక ఆమె లోపలికి వచ్చింది. చేతిలో ఖాళీ గ్లాసులు.

"వాడు కావాలనే తప్పు చెప్తుండని నీకెట్ల తెలిసింది?" అన్నాను. నా పనిలోని ఆ పద్ధతి గురించి ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

"నువ్వు నాతోని మాట్లాడేదే గట్ల గదా," అంది. "'మీ అక్క ఇంటికి పోయినవంట గదా' అంటవ్. లేదు, దవాఖానకు పోయిన అని నేనే చెప్పుకోవాలె. పెండ్లైనకాడి నుంచి గిదే. ఒక్కనాడన్నా సక్కగ అడిగినవా?"

భయానికి తోడు ఇప్పుడు సిగ్గు కూడా వచ్చి చేరింది. ఆమె చేతిలోని గ్లాసులు అందుకుని కింద పెట్టాను.

"నీకు భయమైతుందా?" అని అడిగాను.

"అవ్. మస్తు భయమైతుంది," అంది. "మంగళవారం నేను కూడ వస్త."