ఎటు పోతున్నాడు?

నా చిన్నప్పుడు జూబ్లీ హిల్స్‌లో బంగళాల కంటే బండలే ఎక్కువ. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో కాఫీ తాగడానికి కార్లు ఆపుకునే చోట మా గుడిసెలుండేవి. మా నాయన రాళ్లు కొట్టేవాడు. పొద్దున సమ్మెట చప్పుడు, మధ్యాహ్నం షూటింగ్ వాళ్ల మైకు గోల, సాయంత్రం రేకుల షెడ్డు కింద ప్రొఫెసరమ్మ గొంతు. అవీ మా రోజులు.

ప్రొఫెసరమ్మ అప్పటికింకా ప్రొఫెసర్ కాలేదు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి, కాలేజీలో చరిత్ర చెప్పేది. కొండ మీద ఒక గదిలో అద్దెకుంటూ, సాయంత్రాలు మా పిల్లలకు అక్షరాలు దిద్దించేది. ఆఫ్రికా నుంచి సముద్రాలు దాటించి తెచ్చిన మనుషుల చరిత్ర మీద ఆమె పరిశోధన. దానికి దూరదేశం పోనక్కర లేకపోయింది. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల మనవలు ఈ నగరంలోనే ఉన్నారు. వాళ్లలో ఒకాయన పెళ్లిళ్లలో మర్ఫా డప్పు వాయించేవాడు. అప్పుడప్పుడు ఆమె గదికి వచ్చి తాతల నాటి సంగతులు చెప్పిపోయేవాడు. షెడ్డు దగ్గర నుంచి ఆమె గదికి పలకలు మోసుకెళ్లినప్పుడు నేను ఆయన్ని చూశాను. బాబాయ్ అన్నట్టు చిచ్చా అని పిలిచేవాణ్ణి. గుడిసెల వాళ్లెవరికీ ఆయన తెలియడు.

ఒకరోజు మా బండల మీద అడవి సినిమా షూటింగ్ పెట్టారు. నరభక్షకుడి వేషానికి ఆ చిచ్చాను తెచ్చారు. అసలే నల్లటి మనిషికి ఇంకా మసి పూశారు. మెడలో ఎముకల దండ, నడుముకు ఎర్రగుడ్డ, మూతి చుట్టూ నెత్తురు రంగు. ఒక చిన్నపిల్లను భుజాన వేసుకుని బండల్లోకి పరిగెత్తాలి, హీరో వచ్చి చావబాదాలి. అదే షాట్ పొద్దుటి నుంచీ తీశారు. మావాళ్లంతా పని మానుకుని చూశారు. పిల్లను ఎత్తుకున్న ప్రతిసారీ ఆడవాళ్లు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. "వీని చేతులిరగ!" అని మా అమ్మే తిట్టింది. సినిమా అని తెలిసే తిట్టింది. తెలిసినా లోపల ఏదో నిలిచిపోతుంది, అదే నేను ఈ రోజుకీ భయపడే సంగతి.

అన్నాల వేళ నేను బండల వెనక్కి పోయాను. తెగగొట్టిన రాయి అంచు మీద కాలు జారింది. మోకాలు చీలి తెల్లగా ఎముక కనిపించింది. నా అరుపుకు మొదట వచ్చింది చిచ్చా. నడుముగుడ్డ చింపి కట్టుకట్టి, నన్ను భుజాన వేసుకుని మా గుడిసెల వైపు నడిచాడు. నేను ఏడవకుండా నా వీపు మీద వేళ్లతో మర్ఫా దరువు వేస్తున్నాడు.

గుడిసెల దగ్గర నీళ్లు మోస్తున్న ఒకామె చూసింది. బిందె పడేసి, "పిల్లగాన్ని ఎత్తుకపోతుండు! నెత్తురు తాగిండు!" అని కేక పెట్టింది.

మనుషులు అంత వేగంగా పరిగెత్తగలరని నాకు ఆ రోజే తెలిసింది. మొదటి రాయి చిచ్చా చెవి మీద పడింది. ఆయన నన్ను విసిరేసి పారిపోయి ఉండొచ్చు. నెమ్మదిగా కింద దించి, రాళ్లు నాకు తగలకుండా కుడిచెయ్యి నా తలమీద అడ్డం పెట్టాడు. మా నాయన సమ్మెట ఆ చేతి మీద పడింది. రాయి పగిలే చప్పుడు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అది వేరే చప్పుడు.

తర్వాత ఎవరు కొట్టలేదని అడగాలి. పారకట్టెతో నడుము మీద, కాళ్లతో డొక్కలో, చెప్పులతో మొహం మీద. ఒక పన్ను ఊడి నా పక్కన పడింది. ఏది రంగో ఏది రక్తమో తెలియలేదు. "బచ్చా... బచ్చాకు దెబ్బ తగిలింది," అంటూనే ఉన్నాడాయన. మా అమ్మ నా మొహాన్ని రొమ్ముకేసి నొక్కిపట్టింది. నేను చిచ్చా, చిచ్చా అని అరిచింది ఆమె చీరలోనే ఇంకిపోయింది. షూటింగ్ వాళ్లు దూరంగా నిలబడి చూశారు. ప్రొడక్షన్ మేనేజర్ మాత్రం చేతులు పైకెత్తి అరిచాడు: "ఒరేయ్, మొహం మీద కొట్టకండ్రా! ఇంకా రెండు షాట్లున్నాయ్!"

అప్పుడు వచ్చింది ప్రొఫెసరమ్మ. గుంపులోకి దూరుతుంటే ఎవరి రాయో కనుబొమ్మ మీద తగిలింది. ఆమె నెత్తురు తుడుచుకోలేదు. చిచ్చా పక్కన నేలమీద చతికిలబడి ఆయన తల ఒళ్లోకి తీసుకుంది. ఆమె అరుస్తుందని, పోలీసుల పేరు చెబుతుందని అనుకున్నారు.

"కొట్టండి," అంది. "కానీ ఒక్కొక్కళ్లూ నా ముందుకొచ్చి, ఏం చూశారో చెప్పి మరీ కొట్టండి."

"ఏం చూసుడేందమ్మా? పొద్దుగాల సంది చూస్తనే ఉన్నం, పిల్లల్ని ఎత్తుకపోవుడు!"

"పొద్దున చూసింది సినిమా. ఇప్పుడేం చూశారు? మీ కళ్లతో."

ఎవరూ ముందుకు రాలేదు. కేక పెట్టినామెను ప్రొఫెసరమ్మే పిలిచింది. ఆ నీళ్ల బిందె ఆమె, "భుజం మీద ఏసుకొని పోతుండెనమ్మా," అంది.

"ఎటు పోతున్నాడు?"

ఆమె చెయ్యెత్తి చూపించింది. ఆ చెయ్యి మా గుడిసెల వైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. పిల్లవాణ్ణి ఎత్తుకుపోయేవాడు ఆ పిల్లవాడి ఇంటికే తీసుకురాడు కదా. ఆ మాట ప్రొఫెసరమ్మ అనలేదు. అందరూ ఆ చెయ్యి వంకే చూశారు. అప్పుడామె నా వైపు తిరిగి, "నిన్నెవరైనా అడిగారా నాన్నా?" అంది. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. నాయన చేతిలోంచి సమ్మెట జారింది.

సీట్లు పాడవుతాయని మేనేజర్ వ్యాను ఇవ్వలేదు. నాయనే చిచ్చాను వీపున వేసుకుని బంజారా హిల్స్ ఆసుపత్రి దాకా పరిగెత్తాడు. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు మాత్రం మళ్లీ మూసుకోలేదు. మర్ఫా పోయింది. నాయన కాళ్లు పట్టుకోబోతే చిచ్చా అన్నమాట ఇది: "నీ బిడ్డ కోసం కొట్టినవ్, సమజైంది భాయ్. జర అడిగి కొడితే ఏం పోతుండె?"

ఆ తర్వాత ప్రొఫెసరమ్మ పెద్ద ప్రొఫెసర్ అయింది. సిద్దీల మీద పుస్తకాలు రాసింది, దేశదేశాల సభల్లో మాట్లాడింది. మా రేకుల షెడ్డును మాత్రం వదల్లేదు, అది బడి అయ్యేదాకా. నేను అక్కడ అక్షరాలు నేర్చుకుని, మిగతా చదువు స్టూడియోలో లైట్లు మోస్తూ, షాటుకూ షాటుకూ మధ్య పాత పుస్తకాల్లో చదువుకున్నాను. ఈమధ్య ఆమెకు ఏసీ హాల్లో సన్మానం జరిగింది. ఒక్కొక్కరూ లేచి ఆమె డిగ్రీల జాబితా చదివారు. ఆ కనుబొమ్మ మీది మచ్చ ఎక్కడిదో ఒక్కడూ అడగలేదు. నేను లేచి చెప్పబోతే, "టైం లేదు పెద్దాయనా, కూర్చోండి," అన్నారు. చరిత్రకు టైం లేని చరిత్ర సభ!

ఇప్పుడు గుంపు కూడడానికి షూటింగ్ కూడా అక్కర్లేదు, ఫోన్ చాలు. పోయిన నెల మా వీధి మలుపులో ఒక ఆఫ్రికా విద్యార్థిని చుట్టుముట్టారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అట. చొక్కా చింపేశారు, పెదవి పగిలింది, ఒకడు హెల్మెట్ ఎత్తాడు. నా మోకాలు వంగదు. అయినా పోయి అతని పక్కన రోడ్డు మీద కూలబడ్డాను.

"కొట్టుండ్రి బిడ్డా. గని ఎవరేం చూసిండ్రో జెప్పి కొట్టుండ్రి."

"గిది చూడు తాతా, వీడియో!"

"ఫోన్ల గాదురా. నీ కండ్లతోని ఏం జూసినవ్? ఎటు పోతుండె?"

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. హెల్మెట్ మెల్లగా కిందికి దిగింది. ఒక్కొక్కడూ బండి స్టార్ట్ చేసుకున్నాడు. నేను లేవలేక అవస్థ పడుతుంటే ఆ విద్యార్థే వంగి నాకు చెయ్యి అందించాడు. కుడిచెయ్యి. ఆ వేళ్లు నా చేతి చుట్టూ గట్టిగా మూసుకున్నాయి.