కేలండరులో ‘ము’

మదనపల్లెలో కారెక్కింది మొదలు పలమనేరు దాటేదాకా ముద్దుకృష్ణ సుశీలమ్మతో అదే పాఠం మూడుసార్లు అప్పజెప్పించాడు.

"ము అంటే?"

"ముప్పావు సార్."

"ఏమి ముప్పావు?"

"పాలు. కాలేజీలో టీకి పోయించుకొనేటివి. ముప్పావు లీటరు."

"యాల రాసినావు?"

"పాలాయప్ప మాట మార్చకుండా."

"అంతే. ఇంగొక్క మాట ఎక్కువ మాట్లాడొద్దు. నువ్వు మాట్లాడితే ఆగేది గాదు, అందుకే చెప్తాండా."

సుశీలమ్మ నవ్వలేదు. కుప్పం ఇంకా గంట దూరం.

మదనపల్లె శివార్లలోని ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో పదకొండేళ్లుగా కుందేళ్ల గది ఆమె చేతి మీదే నడుస్తోంది. అంతకు ముందు టమోటా మార్కెట్లో కాయలు ఏరేది. పని దొరికిన రోజు కూలి, దొరకని రోజు లేదు. ఊడ్చేదానిగా చేరి, బోన్లు కడిగి, మేత వేసి, రెండేళ్లకల్లా రిజిస్టరు రాసేదాకా వచ్చింది. వాళ్లింట్లో నెల జీతం ముఖం చూసిన మొదటి మనిషి ఆమే. మొగుడు మునెప్ప గుండె మాత్రలు ఆమె ఈఎస్ఐ కార్డు మీదే వస్తాయి. ఉద్యోగం పోతే కార్డూ పోతుంది. ముద్దుకృష్ణకు ఇది తెలుసు. అతను ఆ యానిమల్ హౌస్ ఇన్‌ఛార్జి. చెడ్డవాడు కాదు. కాలేజీ రిజిస్ట్రేషను రెన్యువల్ దగ్గర పడడంతో అతనికీ కంటి మీద కునుకు లేదు.

చిక్కంతా పోయిన వారం మొదలైంది. ప్రయోగాలకు వాడే జంతువుల నొప్పి గురించి కొత్త నిబంధనలు రాస్తున్నారు. ముసాయిదా ఢిల్లీకి పంపేముందు కాలేజీలు చూసి రమ్మని నలుగురు కమిటీవాళ్లను పంపారు. వాళ్లలో రేవతి అనే పశువుల డాక్టరమ్మ మేత గదిలో గోడకున్న కేలండరు ముందు ఆగిపోయింది. గడుల్లో ఎర్ర పెన్నుతో ‘ము’, ‘ము’, ‘ము’. ఆమె వేలు పెట్టి లెక్కబెట్టింది. అరవై మూడు.

"ము అంటే ముగిసిందనా? రిజిస్టర్లో నాలుగే చావులున్నాయే?" అని ఫోనులో ఫొటో తీసుకుంది. మూడో రోజు ఉత్తరం వచ్చింది. కుప్పంలో సమావేశం, జంతువులను రోజూ చూసే మనిషి కూడా రావాలి.

ఆ ‘ము’ చావు కాదు, పాలూ కాదు. ముడుక్కోవడం. కోసి కుట్లు వేసిన కుందేలు బోను మూలకు జరిగి, వీపు గూనిగా చేసుకుని, కళ్లు సగం మూసి, సన్నగా పళ్లు నూరుతుంది. అదీ మనిషి లేనప్పుడే. తలుపు గడియ చప్పుడైతే చాలు, చెవులు నిక్కబొడుచుకుని మేత దగ్గరకొచ్చేస్తుంది. ఒకరోజు చీపురు మరిచిపోయి వట్టి కాళ్లతో వెనక్కొచ్చి, తలుపు సందులోంచి చూసినప్పుడు ఇది ఆమె కంటబడింది. అప్పటినుంచి పొద్దున్నే చెప్పులు దూరంగా విడిచి, వక్కాకు నమిలేంతసేపు ఆ సందు దగ్గర నిలబడి, ఆ తరువాతే లోపలికి పోతుంది.

రిజిస్టర్లో ప్రశ్నలు రెండే. మేత తిందా? చురుగ్గా ఉందా? లోపలికి పోయి చూస్తే రెంటికీ అవుననే రాయాలి. కింద ‘నార్మల్’ అని రాయాలి. ఒకసారి ముద్దుకృష్ణతో అంటే, "గడి లేనిది యాడ రాస్తావమ్మా?" అన్నాడు. గడి ఉన్నది కేలండర్లోనే.

కుప్పంలో హాలు నిండా కాలేజీలవాళ్లు. ఆమెను చివరి వరసలో కూచోబెట్టి ముద్దుకృష్ణ పక్కనే కూచున్నాడు. కమిటీ అధ్యక్షుడు వెంకటప్ప పెద్దాయన, మాటకు ముందు దగ్గుతాడు. తెర మీద కేలండరు ఫొటో పడింది.

"ఇదేమిటమ్మా?" అంది రేవతి.

సుశీలమ్మ లేచి నిలబడింది. "ముప్పావు మేడమ్. పాలు."

వెంకటప్ప పెద్దగా నవ్వాడు. "ముప్పావా! చావుల లెక్కనుకొని వారమంతా నిద్రపోలేదు గదమ్మా. నీళ్లు కలిపినాడా లేదా అది గూడా రాయాల్సిండె!"

హాలంతా నవ్వింది. ముద్దుకృష్ణ ఊపిరి వదిలిన చప్పుడు ఆమెకు వినబడింది. రేవతి మాత్రం ఫొటో వైపు ఇంకోసారి చూసి, కాగితం తిప్పింది. గండం గడిచింది. సుశీలమ్మ కూచుంది.

"ఏడో క్లాజు," అంది రేవతి. "మొదటి ముసాయిదాలో ఆపరేషను తరువాత మూడు రోజులు నొప్పి మందు తప్పనిసరి అని ఉండింది. అవసరం లేదని కాలేజీలు అభ్యంతరం రాసినాయి. ఆధారం చూపించమన్నాం. మదనపల్లె రిజిస్టరు పంపినారు. మూడేళ్లు, నూట పన్నెండు ఆపరేషన్లు. ఒక్కదానికి కూడా నొప్పి ఉన్నట్టు లేదు. అందుకని ఇట్లా మార్చినాం: రోజుకు రెండుసార్లు బోను తెరిచి చూడాలి, మేత తింటూ చురుగ్గా ఉంటే మందు అక్కర్లేదు. ఎవరికైనా అభ్యంతరమా?"

కాలేజీలవాళ్లు అడ్డంగా తలలూపారు.

"ఈ రోజుతో ఇది ఢిల్లీకి పోతుంది. పోయినాక మార్చాలంటే ఎన్నేళ్లు పడుతుందో నాకే తెలియదు," అంది రేవతి.

మూడేళ్లు. నూట పన్నెండు. ప్రతి ‘నార్మల్’ తన చేతి రాతే. సంగతి లోపలికి దిగడానికి సుశీలమ్మకు కొంచెంసేపు పట్టింది. తన కాలేజీ గోడ దాటదనుకున్న మాట దేశంలోని బోన్లన్నిటి మీదికీ పోబోతోంది.

ఆమె కదలిక చూసి ముద్దుకృష్ణ గొంతు తగ్గించి, "కూసోమ్మా," అన్నాడు. "మునెప్పను తలుసుకో."

తలుచుకుంది. లేచింది.

"మేడమ్, అది ముప్పావు గాదు."

వెంకటప్ప దగ్గు మధ్యలో ఆగింది.

"ముడుక్కోనుండేది మేడమ్. కుట్లు ఏసినాక. పండ్లు నూరతాయి. మనం బోను తెరిస్తే కనపడదు. మనిషి వస్తానే ఏమీ లేనట్టు వచ్చి తినేస్తాయి. నొప్పుందని తెలిస్తే ఏ కుక్కో నక్కో పట్టుకపోతాదని వాటి బయమేమో. తలుపు బయట ఉలుకూ పలుకూ లేకుండా నిలబడితేనే తెలిసేది."

"అయితే రిజిస్టర్లో నార్మల్ అని రాసిందెవరు?"

"నేనే."

"ఎవరు రాయమన్నారు?"

ముద్దుకృష్ణ తల ఎత్తలేదు. అతని వేళ్లు కారు తాళం చుట్టూ బిగుసుకున్నాయి.

"కాయితంలో అడిగింది రెండే మేడమ్," అంది ఆమె. "తినిందా అంటే తినింది. నొప్పుండాదా అని అడిగే గడి లేదు. ఇప్పుడు మీరు రాసే దాంట్లో గూడా లేదు."

ఎవరో వెనక నుంచి, "అటెండరు మాట మీద రూలు రాస్తారా?" అన్నారు.

"కాలేజీ పంపిన రిజిస్టరూ అటెండరు మాటే గదా అప్పా," అంది రేవతి, తల తిప్పకుండానే. పెన్ను తీసి ఏడో క్లాజు మీద అడ్డంగా గీత గీసింది. మొదటి ముసాయిదాలోని వాక్యాన్నే తిరిగి రాసింది: మూడు రోజులు మందు. దాని కింద ఇంకొకటి: బోను తెరవకముందు దూరం నుంచి గమనించాలి. సుశీలమ్మ చెప్పిందంతా ఇంకో కాగితం మీద రాసి, చదివి వినిపించి, ముందుకు జరిపింది.

"సంతకం పెడితేనే ఇది ఢిల్లీకి పోయే ఫైల్లో చేరుతుంది. మీ పేరు ఉంటుంది. కాలేజీవాళ్లూ చదువుతారు. ఇష్టం లేకపోతే వద్దు."

సుశీలమ్మ కాగితం కింది దాకా ఒకసారి తనే చదువుకుంది. తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.

తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటాక ముద్దుకృష్ణ అన్నాడు, "రేపు మన కాలేజీ చైర్మన్ పిలుస్తాడు. నిన్నొక్కదాన్నే గాదు, నన్ను గూడా. ఏమి చెప్తాడో నాకు తెల్దు."

"కానీండి సార్." ఆమె కిటికీ వైపే చూస్తోంది. "సోమవారం కోసినారే, రెండు. నేను బయల్దేరేటప్పుడు సూసినా. రెండూ ముడుక్కోనే ఉండాయి."

అతను ఒక పెట్రోలు బంకు పక్కన కారు ఆపి ఫోను తీసి, కాలేజీకి చేశాడు. మందు పేరు చెప్పాడు, మోతాదు చెప్పాడు. అవతలివాడు ఏదో అడుగుతున్నాడు. ముద్దుకృష్ణ కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇప్పుడే. నేనొచ్చేదాకా ఆగొద్దు," అన్నాడు. "ఎవరు చెప్పినారని రాయాల్నా? నా పేరే రాయి."